మా యింటి పిస్తోలు

సోదరీమణులు ఈ శీర్షికను జూచి యాశ్చర్యపడుదురేమో! ఊరగాయల పాకము, పసిబిడ్డల పోషణము, అల్లికపని మొదలగువానిని గూర్చి చదువగోరి పుట త్రిప్పినవారికి పిస్తోలు ప్రసంగ మేల యని తోచుట సహజమే. కాని బీరువాలో నుండు వస్తు వేదియైనను దాని మంచిచెడ్డలు ఇల్లాలికి తెలియవలయునని మా యభిప్రాయము. మా బీరువాలో ముప్పదియొక్క సంవత్సరములు ఒక చిన్న పిస్తోలుండెను. అందు మొదటి యిరువది సంవత్సరములును మేము దానిని ముట్టలేదు సరిగదా, అది యున్న అరను తుడుచునపుడు సైతము చేయి చుట్టు త్రిప్పి తుడుచుచుంటిమి. ఇప్పుడది మా యింట లేదు. అది వెళ్ళిపోవుటకు ముందు ఒకనాడు మా చేతులతోనే దానిని విప్పి, తుడిచి, మరల కూర్చితిమి. ఆనాటి సంగతి చెప్పుటకే యీ వ్యాసము.

మాది నిజామాబాదు జిల్లాలోని ఏర్గట్ల. 2016వ సంవత్సరమున క్రొత్త మండలములు ఏర్పడు వరకు మోర్తాడు మండలములోని గ్రామము. నాటినుండి తానే మండలకేంద్రము. బోధను వైపు చెరకు ఎట్లో మావైపు పసుపు అట్లు. మా యింటివారు సేద్యముతోపాటు చిన్న పసుపు వ్యాపారమును గూడ చేసిరి. ఊళ్ళోని పసుపుకొమ్ములు కొని నిజామాబాదు మార్కెట్టుయార్డుకు తోలి, అమ్మగా వచ్చిన రొక్కమును నడుమునకు గట్టుకొని, ఆర్మూరు, మోర్తాడుల మీదుగా రాత్రివేళ ఇల్లు చేరుచుండిరి. సొమ్మును ఖాతాలోనికి పంపు పద్ధతి ఆ దినములలో మా పల్లెల కింకను రాలేదు. 1993లో ఒక రాత్రి దారిలో కొందరు లారీ నాపి వారిని బెదరించిరి. డబ్బు పోలేదు, ప్రాణము పోలేదు. నిద్ర మాత్రము పోయినది. అప్పుడు అర్జీ పెట్టి, విచారణ లన్నియు ముగిసిన పిమ్మట, 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు పొంది, హైదరాబాదులో లైసెన్సుగల వర్తకుని యొద్ద వాడిన పిస్తోలు నొకదానిని కొనిరి.

అది జర్మనీ దేశపు వాల్థర్ వారి పని. 1929లో వెలువడిన ‘పి.పి.’ యను రకము. గొట్టపు రంధ్రము 7.65 మిల్లీమీటర్లు. మన దేశమున లైసెన్సు పుస్తకములో దీనిని .32 బోరు అని వ్రాయుదురు. 9 మిల్లీమీటర్ల రకములు సామాన్య జనులకు నిషిద్ధములు. తూటాలు లేనపుడు బరువు ఏడువందల గ్రాములకు లోపే. పిడిలో దూర్చు మేగజీనునందు ఎనిమిది తూటాలు పట్టును. నల్లగా నిగనిగలాడుచు, అరచేతిలో నిముడునట్టి ఆ వస్తువును మొదటిసారి చూచినపుడు, ఇంత చిన్నదానికా ఇన్ని అర్జీలు అని మేము లోలోన నవ్వుకొంటిమి.

మా అత్తగారు మాత్రము నవ్వలేదు. ఆమె దానిని ‘తపంచా’ యనియే పిలుచుచు, ఆ గది గడప దాటక, బీరువాలో చీర కావలసినచో మమ్ము పంపుచుండెడివారు. హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరు 17న భారతదేశములో కలియకముందటి దినములలో ఆమె పసిపిల్ల. ఒకనాటి రాత్రి తుపాకి చప్పుడు విని, తల్లి తన్ను ధాన్యపు గుమ్మిలో దాచినదట. వడ్లదూగ ముక్కులోనికి పోయి తుమ్ము వచ్చిన నేమగునో యని ముక్కు పట్టుకొని కూర్చుంటినని చెప్పుచు, ఎనుబదియేండ్ల వయస్సున గూడ ముక్కు పట్టుకొని చూపెడివారు. ఆ కాలముననే నల్లగొండ వైపు మల్లు స్వరాజ్యము గారివంటి యువతులు తుపాకులు పట్టి దళములు నడిపించిరి. 2022లో ఆమె కాలము చేసినపుడు పత్రికలో బొమ్మ చూచి మా అత్తగారు, “ఆమె పట్టింది, నేను దాగిన. ఎవరి ధైర్యం వాళ్ళది” అనిరి. అంతకుమించి ఆ విషయము మాటాడలేదు.

పిస్తోలును తుడుచు దినము మా యింట ఏటేట దసరా ముందునాడు. పండుగనాడు కొడవళ్ళు, పారలు, గొడ్డళ్ళు కడిగి బొట్లు పెట్టి పూజించుట మావైపు వాడుక. ఇప్పుడు ట్రాక్టరుకు గూడ దండ వేయుదురు. వాని సరసన తమ పిస్తోలు నుంచుట మా యింటివారికి ముచ్చట. కావున ముందునాడు భోజనము కాగానే మమ్ములను పాత నూలుచీర పేలికలు, తెల్ల దుప్పటి, ఇత్తడి తాంబాళము అడుగుదురు. లోపలి గదిలో ఒక మూల ఇసుక నింపిన గోనెసంచి యెల్లప్పుడు నుండెడిది. అది ఏల యని పదేండ్ల వరకు మేము అడుగలేదు. పిస్తోలు మూతి ఎల్లవేళల ఆ సంచివైపే యుండవలెననియు, పొరపాటున ప్రేలినను గుండు ఇసుకలో నిలుచుననియు తరువాత తెలిసెను.

2013 ప్రాంతమున వారి చూపు మందగించినది. సన్నని భాగములు కనబడక, దీపము పట్టుమని మమ్ము పిలిచిరి. ఆ యేడు దీపము పట్టితిమి. మరుచటి యేడు పేలిక అందించితిమి. ఆ పైయేడు, “నువ్వే తుడువు, నేను చూస్త” అనిరి. ఇట్లు నేర్చితిమేగాని పాఠమని కూర్చుండి నేర్చినది కాదు. లైసెన్సు వారి పేర నున్నది గనుక వారు ఎదుట కూర్చుండనిదే దానిని తాకరాదని మాకు మేమే నియమము పెట్టుకొంటిమి.

వారు మొదట నేర్పినది విప్పుట గాదు, ఖాళీచేయుట. ఇందొక క్రమము గలదు. ముందుగా మేగజీనును తీసివేయవలెను. పిమ్మట పైనున్న స్లైడును వెనుకకు లాగవలెను. ఈ రెండును తారుమారైన ప్రమాదము. ఏలన, గొట్టము వెనుక కొసను తూటా కూర్చుండు చిన్న గది యున్నది. స్లైడు వెనుకకు పోయినపుడు ఆ గదిలోని తూటా బయటికి ఎగురును, స్లైడు ముందునకు వచ్చునపుడు మేగజీనులోని పైతూటాను త్రోసి గదిలో పెట్టును. మేగజీను లోపలనుండగా స్లైడు లాగి, ఒక తూటా ఎగిరిపడినది గదా యని తృప్తిపడి, అటు పిమ్మట మేగజీను తీసినవారి చేతిలో ఇంకొక తూటా గదిలోనే మిగిలియుండును. చూచువారికి మాత్రము మేగజీను లేని పిస్తోలు ఖాళీగనే కనబడును. ఇండ్లలో జరుగు అనర్థములలో పెక్కింటికి, “ఖాళీ యనుకొంటిని” అను మాటయే మూలమని మావారు చెప్పెడివారు. ఎవరు చెప్పినను నమ్మరాదు, తానే చూడవలెను. చూచినంత మాత్రమున జాలదు, చిటికెనవ్రేలు పెట్టి తాకి తెలిసికొనవలెను. “నేను చెప్పినా నమ్మకు” అని ప్రతి యేడును అనెడివారు. ఇది ఆయనకు పెద్దరికపు ధోరణి యనుకొని మేము తల యూపుచుంటిమి.

2024వ సంవత్సరము మార్చి 16న పార్లమెంటు ఎన్నికల ప్రకటన వెలువడెను. ఎన్నికల కాలమున లైసెన్సుదారులు తమ ఆయుధములను ఠాణాలో ఉంచి, ముగిసిన తరువాత తెచ్చుకొనుట ఆచారము. అట్లే ఉంచి జూను మాసమున తెచ్చుకొంటిమి. రసీదులో పిస్తోలు ఒకటి, తూటాలు ఇరువదియైదు. తెచ్చినవి తెచ్చినట్లే లెక్క సరిచూచి, తూటాలు వేరుగా రేకు డబ్బాలోను, పిస్తోలు వేరుగా తోలు ఒరలోను పెట్టి, రెండింటికి రెండు తాళములు వేసితిమి. మా యింట ఎప్పుడును ఇదే యలవాటు. ఆషాఢమున దొంగలు తిరుగుచున్నారని ఊళ్ళో పుకారు పుట్టెను. శ్రావణమున మావారికి పక్షవాతము తగిలెను. కుడిచేయి, కుడికాలు పడిపోయినవి, మాట మొద్దుబారెను. నిజామాబాదులో వైద్యము చేయించి, నెలదినములకు ఇంటికి తెచ్చుకొంటిమి. కాలు కొంత కుదిరెను. మాట వచ్చెను. చేయి మాత్రము వణకుచునే యుండెను. జ్ఞాపకశక్తిలో అక్కడక్కడ కన్నములు పడిన సంగతి మాకు వెంటనే తెలియలేదు. పాత సంగతులన్నియు చక్కగా చెప్పుచు, నిన్నటి సంగతి మరచుచుండిరి.

సద్దుల బతుకమ్మ ఆ యేడు అక్టోబరు 10. మరునాడు మహర్నవమి. చెరువునుండి వచ్చిన అలసట తీరకయే, మధ్యాహ్నము వారు మంచముమీద కూర్చుండి, “తపంచా తియ్యి. రేపు పండుగ గదా” అనిరి. అత్తగారి మాటను వారు పట్టుకొనుట అదే మొదటిసారి. ఆమె అప్పటికి లేరు. మేము దుప్పటి పరచి, తాంబాళము పెట్టి, తాళములు తీసితిమి. మనుమడు ఆరేండ్లవాడు సెలవులకు వచ్చి, అదే గదిలో నేలమీద బొమ్మ ట్రాక్టరుతో ఆడుకొనుచుండెను. వానిని బయటికి పంపవలసినది. పంపలేదు. ఈ తప్పు మాది.

ఒర నుండి తీయగానే పిస్తోలు బరువు తేడాగా తోచెను. చూడగా పిడిలో మేగజీను ఉన్నది, అందులో తూటాలున్నవి! పాత్రలు లెక్కించు అలవాటున్న చేయి గనుక మేము ముందుగా మేగజీనును తీసి లెక్కించితిమి: ఏడు. రేకు డబ్బాలో లెక్కించితిమి: పదునేడు. మొత్తము ఇరువదినాలుగు.

“ఇరవై అయిదు ఉండాలె. ఒకటి తక్కువున్నది” అంటిమి.

“లెక్క తప్పినవు” అనిరి వారు.

మరల లెక్కించితిమి. ఇరువదినాలుగే.

“తపంచాల లేదు గదా?”

“ఖాళీగనే ఉన్నది. చూసేదేమున్నది? విప్పు” అని విసుగుకొనిరి.

వారు ఆ స్వరముతో చెప్పిన మాటను ముప్పది యేండ్ల కాపురములో మేము కాదనుట అరుదు. పైగా రోగము వచ్చిన నాటినుండి వారి మాట కాదన్నచో చిన్నబుచ్చుకొందురని ప్రతి చిన్న విషయములోను ఔననుచునే యుంటిమి. ఆ క్షణమునందు గూడ ఔనని విప్పబోతిమి. కాని “నేను చెప్పినా నమ్మకు” అన్నమాట వారిదే. కావున పిస్తోలు మూతిని ఇసుకసంచివైపు త్రిప్పి, చూపుడువ్రేలిని ట్రిగ్గరుకు దూరముగా చాచి, స్లైడును గట్టిగా వెనుకకు లాగితిమి.

పసుపుపచ్చని తూటా ఒకటి టప్పున ఎగిరి దుప్పటి అంచున పడి, దొర్లి నేలకు జారెను. మనుమడు ట్రాక్టరు విడిచి దానిని తీసికొని, “తాతా, ఇదేంది?” యని అరచేతిలో పెట్టి చూపెను.

మా చేతులు చల్లబడెను. పిల్లవాని చేతినుండి తూటాను తీసికొని, వానిని పెరటిలోనికి పంపి తలుపు వేసితిమి. వారు తమ యెడమచేతితో వణకుచున్న కుడిచేతిని పట్టుకొని, ఆ తూటావంకనే చూచుచుండిరి. కొంతసేపటికి, “నేనే పెట్టి ఉంట. దొంగలని అన్నరు గదా ఆ రాత్రి... యాదికొస్తలేదు” అనిరి. ఆ తరువాత చాలసేపు మే మిరువురమును మాటాడలేదు. పెరటిలో పిల్లవాడు ట్రాక్టరు శబ్దమును నోటితో చేయుచుండెను.

ఈ రకపు పిస్తోలులో గదియందు తూటా యున్నచో, వెనుక సుత్తికి పైభాగమున ఒక చిన్న మేకువంటిది బయటికి పొడుచుకొనివచ్చును. చీకటిలో వ్రేలితో తడిమినను తెలియుట కది యమర్చినారు. దానిని గూర్చి వారు మాకు ఎన్నడో చెప్పిరి. ఆ దినము మేము చూడనేలేదు! కన్ను ఎక్కడ చూడవలెనో అక్కడ చూడకుండుటకు భయమైనను చాలును, పండుగ పని తొందరయైనను చాలును. పోనిండు, ఈ రకమును విప్పుటకు ట్రిగ్గరు నొక్కవలసిన పనిలేదు. క్రొత్త రకములు కొన్నింటిని విప్పుటకు ముందు ట్రిగ్గరు నొక్కియే తీరవలెను. మా యింట నున్నది అట్టిదై, మేము ఆ మాట విని విప్పబోయియున్నయెడల నేమగునో యని యాలోచించుట నేటికిని మానలేదు.

కొంతసేపటికి వారు, “మొదలువెట్టినవు గదా, పూర్తిచెయ్యి. మురికిగ అప్పజెప్పొద్దు” అనిరి. అప్పజెప్పుట ఎవరికి అని మేము అడుగలేదు. అర్థమైనది.

తూటాలన్నింటిని డబ్బాలో వేసి, డబ్బాను మరియొక గదిలో తాళము వేసి వచ్చితిమి. మందుగదిని మరల కంటితో చూచి, వ్రేలితో తాకి, పని మొదలుపెట్టితిమి. ట్రిగ్గరు చుట్టును ఒక లోహపు కడియముండును. అది వట్టి రక్షణకే గాదు, ఈ పిస్తోలునకు అదియే తాళముచెవి. దాని ముందుకొనను క్రిందికి లాగి, మరల మీదికి పోకుండ వ్రేలితో కొంచెము ప్రక్కకు నొక్కి పట్టవలెను. అట్లు పట్టి స్లైడును పూర్తిగా వెనుకకు లాగి, వెనుకవైపు పైకెత్తి, మెల్లగా ముందునకు విడిచినచో అది ఊడి చేతికి వచ్చును. వడిగా విడువరాదు, స్ప్రింగు బలము మిక్కిలి. గొట్టము మాత్రము క్రిందిభాగమునకే బిగించియుండును. దాని చుట్టు ఒక పొడవాటి స్ప్రింగు. దానిని మెల్లగా లాగినచో వచ్చును. ఇంతే! మేగజీను, స్లైడు, స్ప్రింగు, గొట్టముతోకూడిన పిడి: నాలుగు ముక్కలు తాంబాళములో. ఇంతకు మించి మరలు త్రిప్పి విప్పుట ఇంటివారి పని గాదు, అది తెలిసిన పనివానిది. స్లైడు లేనపుడు ట్రిగ్గరును నొక్కరాదు. సుత్తి పోయి లోహమునకు తగిలి చెడును.

స్లైడు లోపలి అంచున తుప్పు కనబడెను. ఎఱ్ఱగా, పెసరగింజంత మేర. దీనికి కారణము మా తోలు ఒర. తోలు గాలిలోని తేమను పీల్చి పట్టుకొనును. పదును చేయుటలో వాడిన ద్రవ్యములు లోహమును తినును. మోయుటకు తోలు మంచిదేగాని నిలువయుంచుటకు కాదని మాకు తెలియదు. తెలిసినవారు పొడి నూలుగుడ్డలో చుట్టి పెట్టుదురట. చేతిచెమటలోని ఉప్పు గూడ ఇనుమునకు శత్రువే. కావుననే తుడిచిన తరువాత వట్టిచేతితో ఊరక తడుమరాదు. తుప్పుమీద కుట్టుమిషను నూనె వేసి, అరగంట నాననిచ్చి, మెత్తని గుడ్డతో రుద్దితిమి. ఇసుకకాగితము వాడినచో నల్లని పూత పోయి, ఆ చోట మరింత తుప్పు పట్టును. పూర్తిగా పోలేదుగాని పెరుగకుండ నిలిచినది.

గొట్టము లోపల తుడుచుటకు సన్నని కడ్డీ, దాని కొనకు కంచుతీగల బ్రష్షు. గొట్టములో మెలికలు తిరిగిన గాళ్ళుండును. గుండు తిరుగుచు సూటిగా పోవుట కవి కారణము. మందుగది వైపునుండి ముందునకు త్రోయుట మేలు, మూతి అంచు అరిగినచో గురి చెడును. బ్రష్షు తరువాత నూనె తడిపిన గుడ్డముక్క, ఆ తరువాత పొడిముక్క. తెల్లని గుడ్డ తెల్లగా వచ్చువరకు. పాతకాలపు తూటాలలోని మందు కాలినపిమ్మట ఉప్పువంటిది మిగిలి, ఒక్కరాత్రిలో తుప్పు పట్టించెడిదట. అందుచేత సిపాయిలు గొట్టములను వేడినీళ్ళతో కడిగెడివారు. ఇప్పటి తూటాలకు ఆ బాధ తక్కువ.

ఇక్కడ సోదరీమణులకు ముఖ్యమైన సంగతి యొకటి. ఆ గుడ్డకు అంటు నల్లని మసిలో సీసము ఉండును. అది పసిపిల్లలకు విషము. అందుచేత ఈ పనికి వంటయింటి పళ్ళెము గాని, భోజనపు బల్ల గాని వాడరాదు. మా తాంబాళమును ఈ పనికి కేటాయించి పండుగపనులనుండి తప్పించుటకు మాకు పదేండ్లు పట్టినది! తుడిచిన పేలికలు పారవేయవలెను, ఉతికి మరల వాడరాదు. చేతులు సబ్బుతో కడుగనిదే ఏమియు తినరాదు, బిడ్డ నెత్తుకొనరాదు.

కూర్చుట విప్పుటకన్న కష్టము. స్ప్రింగు రెండు కొనలు ఒకేరీతిగా కనబడును, కాని ఒకకొన చుట్టు కొంచెము ఇరుకు. ఆ యిరుకుకొన ముందుగా గొట్టముమీద నెక్కి మొదటికి పోవలెను. మేము తొందరలో తారుమారుగా తొడిగితిమి. అది వదులుగా జారిపోవుచుండెను. వారు దూరమునుండియే, “తిప్పెయ్యి” అనిరి. కంటికి కనబడలేదు, చప్పుడును బట్టి చెప్పిరి! త్రిప్పి తొడుగగా పట్టి నిలిచెను. కడియమును క్రిందికి లాగి పట్టి, స్లైడును గొట్టముమీదుగా వెనుకవరకు తెచ్చి, వెనుకభాగమును క్రిందికి దించి విడువగా, తన గాళ్ళలో తాను జారి ముందునకు వచ్చి నిలిచెను. కడియము తన చోటికి టక్కున పోయెను. మీటను క్రిందికి త్రిప్పి, సుత్తిని క్షేమముగా దింపి, అన్ని భాగములు సాఫీగా కదలుచున్నవో లేవో చూచి, సన్నని నూనెపొర తుడిచితిమి. నూనె ఎక్కువైనచో దుమ్ము పట్టి జిగురగును.

సాయంకాలము మా కోడలు ఈ సంగతి విని, టోక్యోలో 2021లో మను భాకర్ పిస్తోలు పోటీనడుమ చెడిపోయిన ముచ్చట ఎత్తినది. చిన్న మీట విరిగి నిమిషములు వృథాయై ఆ పిల్ల తుదిపోటీకి పోలేకపోయినది; అదే పిల్ల 2024లో పారిసులో రెండు కంచు పతకములు తెచ్చినది. మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో, 2023లో, పిస్తోలు గురిలో నాలుగు పతకములు గెలుచుకొన్నది. వారిది ఆట, మాది బీరువా! ఆడపిల్లలు పిస్తోలు పట్టరాదని మే మనుటలేదు. నేర్చువారు, నేర్పువారు, గట్టి నియమము గల చోట పట్టవలెను. 2014లో కాన్పూరులోని ప్రభుత్వ కార్ఖానావారు స్త్రీల రక్షణకని ‘నిర్భీక్’ అను తేలిక రివాల్వరును చేసి, ఒక లక్ష ఇరువదిరెండు వేల రూపాయలకు పైగా వెల పెట్టిరి. బరువు అరకిలో. కొనగలవారు కొందురు. కాని బీరువాలో తాళము వేసి, తూటాలు వేరొక చోట నుంచిన ఆయుధము వీధిలో భయపడిన స్త్రీకి ఎట్లు అక్కరకు వచ్చును? అక్కరకు వచ్చునట్లు నింపి తలగడక్రింద పెట్టినచో, మా మనుమని వయస్సు పిల్ల లున్న యింట ఏమగును? ఈ రెండు ప్రశ్నల నడుమ మేము చాలదినములు తిరిగితిమి.

దసరానాడు కొడవలి ప్రక్కన దానికి కుంకుమబొట్టు పెట్టితిమి. ఆ తరువాత వారు కోలుకొనుటకు, అర్జీ వ్రాయుటకు మూడు నెలలు పట్టెను. ఈలోపల రెండు తాళముల చెవులును మా నడుముననే యుండెను. 2025 సంక్రాంతినాడు జాతీయ పసుపు బోర్డును ప్రారంభించి, దాని ముఖ్య కార్యాలయము నిజామాబాదున నుండునని ప్రకటించిరి. ఊరిలో మిఠాయిలు పంచిరి. మా యింటివారు మిఠాయి తినుచు, “బోర్డు వచ్చింది, పైసలు బ్యాంకుల పడుతున్నయి. ఇగ మనకు తపంచా ఎందుకు?” అనిరి. నిజమునకు పదేండ్లుగా దానితో పనిలేదు. లేదని యొప్పుకొనుటకు ఒక తూటా కావలసివచ్చినది.

చదువరులలో నెవరి యింటనైనను ఇట్టి వస్తువు ఉండిన తెలిసికొనవలసినది: లైసెన్సుగలవారు కాలము చేసినను, లైసెన్సు గడువు తీరినను, గుర్తుగా నుండనిమ్మని ఇంట నుంచుకొనుటకు వీలులేదు. ఆలస్యము లేక దగ్గరి పోలీసుఠాణాలోగాని, లైసెన్సుగల ఆయుధవర్తకుని యొద్దగాని అప్పగించి రసీదు తీసికొనవలెను. వారసులకు కావలయునన్న తమ పేర వేరుగా అర్జీ పెట్టుకొనవలెను. 2019లో చట్టమును సవరించి, ఒకరికి రెండు ఆయుధములకు మించి ఉండరాదనియు, లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెంచియు నిర్ణయించిరి. భర్త పోయిన దుఃఖములో నున్న స్త్రీ యీ లెక్కలన్నియు చూచుకొనలేదు. అందుచేతనే మావారు తా మున్నప్పుడే ఈ పని తీర్చవలెనని పట్టుబట్టిరి. ఆ మాట అన్నపుడు మేము ఆయనను కసరితిమి, కాని లోపల మెచ్చుకొంటిమి.

సంక్రాంతి వెళ్ళిన వారము ఆటోలో పోయితిమి. మూటను వారే ఒడిలో పెట్టుకొనిరి. మేము వారి చేయి పట్టుకొంటిమి. ఠాణాలో బల్లముందు కూర్చుండినపుడు మేము, “అందులో ఏమీ లేదయ్యా, మేమే చూసినం” అంటిమి. ఆ యువకుడైన అధికారి చిన్నగా నవ్వి, “మంచిదమ్మా” అని, మేగజీను తీసి, మూతిని గోడవైపు త్రిప్పి, స్లైడు లాగి, దీపము వేసి లోపల చూచి, వ్రేలు పెట్టి తాకెను. మావారు అది చూచి తల యూపిరి. తూటాలు ఒక్కొక్కటిగా బల్లమీద నిలువబెట్టి లెక్కించిరి. ఇరువదియైదు. రసీదు వ్రాయుచు ఆయన, “ఇంత శుభ్రంగ ఎవరు పెట్టిన్రు?” అని యడిగెను. వారు ఎడమచేతితో మమ్ము చూపిరి.

ఇసుకసంచిని పెరటిలో విప్పి బెండమొక్కల పాదులలో పోసితిమి. నూనెసీసా మాత్రము కుట్టుమిషను ప్రక్కకు వచ్చినది. మొన్న మిషను చప్పుడు చేయుచుండగా, వారు మంచముమీదనుండి, “అడుగున నూనె పొయ్యి, మీద కాదు” అనిరి. పోసితిమి. చప్పుడు తగ్గినది.